వేగం వేరు, లోతు వేరు: బ్లేడు ఎరలను కోరిన లోతులో నడిపించడం

అందరికీ నమస్కారం. ఈ రోజు బాస్ అనే వేటాడే చేపలకు వాడే బ్లేడు ఎరల గురించి, అంటే లోహపు రేకు తగిలించిన కృత్రిమ ఎరల గురించి, అందులోనూ ఒక్క విషయం గురించే మాట్లాడతాను. అవి నీళ్లలో ఎంత లోతున నడుస్తాయి, ఆ లోతును మనం ఎలా నిలబెట్టుకోవాలి అన్నదే ఆ విషయం. రంగుల గురించి ఎవరైనా అడిగితే చివర్లో చెప్తాను. నా ఉద్దేశంలో రంగు ఎప్పుడూ లోతు తర్వాతే.

క్రాంక్‌బైట్ అనే చేప ఆకారపు గట్టి ఎర కొంటే డబ్బా మీదే అది దిగే లోతు రాసి ఉంటుంది. దాని మూతి దగ్గర ఉన్న ప్లాస్టిక్ రేకు నీటిని తోసుకుంటూ ఎరను కిందికి దింపుతుంది. ఎంత దిగాలో ఆ రేకు పొడవు, వాలు చాలావరకు ముందే తేల్చేస్తాయి. ఇక బ్లేడు ఎరల్లో, తీగకు తగిలిన బ్లేడు తిరిగే స్పిన్నర్‌బైట్ డబ్బా చూడండి, తల ముందు రేకు కొట్టుకునే చాటర్‌బైట్ డబ్బా చూడండి. బరువు ఉంటుంది, బ్లేడు సైజు ఉంటుంది, లోతు మాత్రం ఉండదు. ఎందుకంటే వాటికి తమదంటూ ఒక లోతు లేదు. అదే ఎరను నీటి పైపొరను ఉబ్బిస్తూ నడపవచ్చు, ఆరు మీటర్ల కింద నేలను రాసుకుంటూ కూడా నడపవచ్చు. ఈ ఎరల గొప్పతనం అదే, ఇబ్బందీ అదే. లోతు ఎంతో ఎవరూ మనకు చెప్పరు, మనమే తేల్చుకోవాలి.

చాలామందికి తెలిసిన సూత్రం ఒక్కటే. లోతుగా పోవాలంటే మెల్లగా చుట్టు, పైకి రావాలంటే వేగంగా చుట్టు. ఇది తప్పు కాదు, కానీ దీని మీదే ఆధారపడితే లోతు, వేగం రెండూ ఒకదానికొకటి కట్టుబడిపోతాయి. చేపకేమో రెండు వేర్వేరు కోరికలు ఉంటాయి. ఎర ఇంత లోతులో రావాలి, ఇంత వేగంతో రావాలి. చల్లటి నీళ్లలో రెండు మీటర్ల లోతున ఉన్న చేపకు ఎర మెల్లగా రావాలి. వేసవి పొద్దున అదే రెండు మీటర్లలో చిన్న చేపల గుంపును తరుముతున్న బాస్‌కు ఎర పరుగెత్తుతూ రావాలి. వేగం తగ్గిస్తేనే లోతు దొరుకుతుందనుకునే వాడు ఈ ఇద్దరిలో ఒకరిని ఎప్పుడూ వదులుకుంటాడు. ముందు లోతు తేల్చుకోండి, తర్వాత వేగం తేల్చుకోండి. ఆ వేగంలో ఆ లోతున నిలిచే ఎరను అప్పుడు తయారుచేసుకోండి. ఈ రోజు నేను చెప్పే మిగతా మాటలన్నీ దీనికోసమే.

లోతు ఎందుకంత ముఖ్యం? బాస్ చేప కళ్లు తలకు కాస్త పై వైపున ఉంటాయి. ముందున్నదీ పైన ఉన్నదీ దానికి బాగా కనిపిస్తాయి. తన కంటే కొంచెం పైన వెళ్లే ఎర కోసం అది లేచి వస్తుంది. పొట్ట కింద నుంచి వెళ్లిన ఎరను చాలాసార్లు చూడనే చూడదు. అంటే చేప ఉన్న లోతుకు కాస్త పైన ఎర నడవాలి. ఎంత పైన అన్నది నీటి తేటను బట్టి, చేప చురుకును బట్టి ఉంటుంది. తేట నీళ్లలో మీటరు పైనుంచి వెళ్లినా వస్తుంది. మట్టి నీళ్లలో అర మీటరు తేడా కూడా ఎక్కువే. నాచు ఉన్న చోట లెక్క ఇంకా సన్నం. నాచు కొనలను తాకీ తాకనట్టు వెళ్లిన ఎరకు దెబ్బ పడుతుంది. అర మీటరు కిందికి దిగితే నాచు చుట్టుకుని బ్లేడు ఆగిపోతుంది. అర మీటరు పైన వెళ్తే లోపల నక్కి ఉన్న చేప కదలదు.

ఇప్పుడు లోతు ఎలా ఏర్పడుతుందో చూద్దాం. గాలిపటాన్ని గుర్తు చేసుకోండి. గాలి వీస్తుంటే దారం లాగినప్పుడు అది పైకి లేస్తుంది, లాగడం ఆపితే దిగుతుంది, తోక బరువైతే లేవడానికి మొరాయిస్తుంది. బ్లేడు ఎర కూడా అంతే. బరువు దాన్ని కిందికి లాగుతుంది. బ్లేడు, స్కర్టు అనే సన్నటి పోగుల కుచ్చు, వెనక తగిలించిన ప్లాస్టిక్ ట్రెయిలర్ నీటిని అడ్డుకుంటాయి, ఆ నిరోధం ఎరను వెనక్కి పట్టి ఉంచుతుంది. బ్లేడు తిరిగే తీరు వల్ల పైకి కొంత తోపు కూడా వస్తుంది. లైన్ ముందుకీ పైకీ లాగుతుంది. ఈ శక్తులన్నీ సరితూగిన దగ్గర లైన్ ఒక వాలులో స్థిరపడుతుంది. నీళ్లలో ఎర బరువులోంచి పైకి తోపును తీసేసి, మిగిలినదాన్ని వెనక్కి లాగే నిరోధంతో భాగిస్తే ఆ వాలు వస్తుంది. బరువు పెరిగితే వాలు నిటారవుతుంది, నిరోధం పెరిగితే చదునవుతుంది.

ఇందులో గుర్తుంచుకోవలసింది ఒకటుంది. నీటి నిరోధం వేగంతో సమానంగా పెరగదు, వేగం వర్గంతో పెరుగుతుంది. మీరు చుట్టే వేగం 20 శాతం పెంచితే నిరోధం 44 శాతం పెరుగుతుంది. అందుకే చేతి వేగంలో మనకు తెలియకుండా వచ్చే చిన్న తేడా కూడా లోతులో పెద్ద తేడాగా తేలుతుంది. చేప తగిలిన ఉత్సాహంలో తర్వాతి విసురు కొంచెం వేగంగా చుట్టేస్తాం. ఎర కాస్త పైన వెళ్తుంది, చేప రాదు. అప్పుడు చేపలు వెళ్లిపోయాయని పడవ కదిలిస్తాం. చేపలు అక్కడే ఉంటాయి.

వాలు అన్నాను కదా, దాని పర్యవసానం ఒకటి చాలామంది పట్టించుకోరు. మీరు ఒకే వేగంతో చుట్టుతున్నారనుకోండి, వాలు ఒకేలా ఉంటుంది. కానీ లైన్ పొడవు తగ్గుతూ వస్తుంది. ఉదాహరణకు రాడ్ కొన నీటి మట్టంలో ఉండి, లైన్ 5 డిగ్రీల వాలులో ఉంటే, 30 మీటర్ల దూరంలో ఎర దాదాపు 2.6 మీటర్ల లోతున ఉంటుంది. 15 మీటర్లకు వచ్చేసరికి 1.3 మీటర్లు. 8 మీటర్లకు 0.7 మీటర్లు. నీళ్లలో లైన్ తీసుకునే వంపు వల్ల ఈ అంకెలు కొంచెం అటూ ఇటూ అవుతాయి, కానీ పద్ధతి ఇదే. ఒకే వేగంతో చుట్టిన ఎర ఒకే లోతులో రాదు, విసిరిన దగ్గర నుంచి మన కాళ్ల దాకా ఎక్కుతూనే ఉంటుంది.

రీల్ కూడా దీనికి తోడవుతుంది. రీల్‌లో లైన్ చుట్టుకునే స్పూలు నిండుగా ఉన్నప్పుడు వ్యాసం 34 మిల్లీమీటర్లు, గేర్ రేషియో 7కి 1, అంటే హ్యాండిల్ ఒక్క చుట్టుకు స్పూలు ఏడు చుట్లు తిరుగుతుంది అనుకోండి. హ్యాండిల్ ఒక్క చుట్టుకు దాదాపు 75 సెంటీమీటర్ల లైన్ వస్తుంది. దూరంగా విసిరాక స్పూలు మీద లైన్ తగ్గి వ్యాసం 31 మిల్లీమీటర్లు అయితే ఒక్క చుట్టుకు 68 సెంటీమీటర్లే. వేగం 9 శాతం తక్కువ, నిరోధం 17 శాతం తక్కువ. అంటే చేయి ఒకే తాళంలో తిప్పుతున్నా దూరాన ఎర మెల్లగా, లోతుగా నడుస్తుంది, దగ్గరికొచ్చే కొద్దీ వేగం పుంజుకుని ఇంకా పైకి లేస్తుంది. స్పూలు సగమే నింపుకున్న వాళ్లకు ఈ తేడా మరీ ఎక్కువ. స్పూలు నిండుగా ఉంచుకోమని నేను పట్టుబట్టేది విసురు దూరం కోసం మాత్రమే కాదు.

మరి దీన్ని ఎలా సరిచేయాలి? ఎర దగ్గరికొస్తున్న కొద్దీ చేయి నెమ్మదించాలి. మొదటి మూడో వంతు ఒక వేగం, మధ్యలో కాస్త తక్కువ, చివర ఇంకాస్త తక్కువ. రాడ్ కొన కూడా అదే వరుసలో కిందికి దిగాలి, చివర్లో దాదాపు నీటికి ఆనాలి. రాడ్ కొనను రెండు మీటర్లు పైకెత్తితే 30 మీటర్ల దూరాన లాగే దిశ నాలుగు డిగ్రీల లోపే మారుతుంది, ఎర నెమ్మదిగా స్పందిస్తుంది. అదే 6 మీటర్ల దూరంలో 18 డిగ్రీలు మారుతుంది, ఎర వెంటనే లేచిపోతుంది. కాబట్టి దూరాన ఎర లోతును ముఖ్యంగా చేతి వేగంతో దిద్దాలి, దగ్గర రాడ్ కొనతో దిద్దాలి. ఇంత చేసినా చివరి నాలుగైదు మీటర్లలో లోతును నిలపడం కష్టమే. చేప ఉందనుకున్న చోటు ఆ చివరి భాగంలో పడకుండా, విసురు మధ్య భాగంలో పడేలా పడవను నిలుపుకోండి. చేప ఉన్న చోటుకు ఇంకా పది మీటర్లు అవతలకు విసరండి.

ఇక బ్లేడ్ల దగ్గరికి వద్దాం. అసలు పని ఇక్కడే ఉంది కాబట్టి కాస్త నెమ్మదిగా చెప్తాను.

మూడు ఆకారాలు మీకు తెలిసినవే. కొలరాడో గుండ్రంగా ఉంటుంది, విల్లో లీఫ్ సన్నగా పొడవుగా ఉంటుంది, ఇండియానా ఆ రెంటికీ మధ్య. కొలరాడో తిరిగేటప్పుడు ఇరుసు నుంచి బాగా విచ్చుకుని, దాదాపు 50 డిగ్రీల కోణంలో తిరుగుతుంది. ఇండియానా దాదాపు 40 డిగ్రీలు, విల్లో దాదాపు 25. విచ్చుకున్న కొద్దీ అది ఎక్కువ నీటిని నెడుతుంది, దడదడ పెరుగుతుంది, నిరోధం పెరుగుతుంది, ఎర పైకి వస్తుంది. విల్లో ఒదిగి తిరుగుతుంది కాబట్టి నీటిని కోసుకుపోతుంది. ఎక్కువ మెరుపు, తక్కువ దడ, ఎక్కువ లోతు. అర ఔన్సు ఎరకు పెద్ద కొలరాడో తీసేసి విల్లో పెట్టి, అదే వేగంతో చుట్టి చూడండి. ఎర వేరేదేమో అనిపిస్తుంది.

సైజు విషయంలో ఒక లెక్క గుర్తుంచుకోండి. ఒకే ఆకారం బ్లేడు పొడవు 10 శాతం పెరిగితే వైశాల్యం 21 శాతం పెరుగుతుంది. నంబరు ఒక్కటి మార్చాం కదా, ఏమంత తేడా అనుకోవద్దు. 4వ నంబరు కొలరాడో నుంచి 3వ నంబరుకు దిగితే లోతు స్పష్టంగా మారుతుంది. బ్లేడు గిన్నెలా ఎంత లోతుగా ఉందన్నది కూడా చూడాలి. లోతు గిన్నె ఎక్కువ నీటిని పట్టి ఎక్కువ లేపుతుంది, చదును బ్లేడు తక్కువ లేపుతుంది.

ప్రతి బ్లేడుకూ కింద ఒక వేగం ఉంటుంది, అంతకంటే మెల్లగా లాగితే అది తిరగదు. పైన ఒక వేగం ఉంటుంది, అంతకంటే గట్టిగా లాగితే ఎర మొత్తం పక్కకు ఒరిగిపోతుంది. మెల్లగా చుట్టు అనే ఒక్క సూత్రం సరిపోకపోవడానికి ఇదే కారణం. చిన్న విల్లో ఉన్న తేలిక ఎరను మూడు మీటర్లకు దింపాలని మెల్లగా చుట్టారనుకోండి. లోతు దొరుకుతుంది, కానీ అక్కడ బ్లేడు చచ్చి వేలాడుతూ ఉంటుంది. రాడ్ కొనలో అదురు ఆగిపోవడం దానికి గుర్తు. అక్కడ కావలసింది ఇంకా మెల్లని చేయి కాదు, ఇంకా బరువైన తల, అంటే ఎర ముందు ఉండే లోహపు ముద్ద. అలాగే పై పొరల్లో మెల్లగా నడపాలంటే పెద్ద కొలరాడో కావాలి. అది మెల్లని లాగుడుకే తిరుగుతుంది, తిరిగి ఎరను పైన పట్టి ఉంచుతుంది.

రెండు బ్లేడ్ల ఎరలో వెనక బ్లేడు మార్చడం తేలిక, అది స్వివెల్‌కు, అంటే గిర్రున తిరిగే చిన్న కీలుకు, చిన్న రింగుతో తగిలి ఉంటుంది. ముందు బ్లేడు తీగ మీద పూసల మధ్య కూర్చుని ఉంటుంది, చాలా ఎరల్లో దాన్ని ఊరికే తీయలేం. కాబట్టి కొనేటప్పుడే ముందు బ్లేడు చిన్నది చూసుకోండి. పెద్దది చేయవలసింది వెనకదాన్ని.

చాటర్‌బైట్ తీరు వేరు. సౌత్ కరోలినాకు చెందిన రాన్ డేవిస్ రూపొందించిన ఎర అది. ఆ పేరు ఇప్పుడు జీ-మ్యాన్ సంస్థ ట్రేడ్‌మార్క్, మిగతా కంపెనీలవాటిని బ్లేడెడ్ జిగ్ అంటారు. ఇందులో బ్లేడు తిరగదు. జిగ్ అంటే లోహపు తల పోసిన గాలం, ఆ తల ముందు తగిలించిన రేకు అటూ ఇటూ కొట్టుకుంటుంది. లాగినప్పుడు ఆ రేకు ముఖం నీటికి అడ్డంగా వాలి నిలబడుతుంది, నీరు దాన్ని కొట్టి ఎరను పైకి నెడుతుంది. రేకు కొట్టుకోవడం మొదలవ్వాలంటే కొంత వేగం తప్పనిసరి. అందువల్ల చాటర్‌బైట్‌లో వేగం తగ్గించి లోతు సంపాదించే వీలు స్పిన్నర్‌బైట్‌లో కంటే తక్కువ. లోతును తల బరువు, ట్రెయిలర్ ఈ రెండే తేలుస్తాయి. మీటరు నీళ్లలో నాచు మీద 3/8 ఔన్సు, అంటే 10.6 గ్రాములు. రెండు మీటర్ల దాకా అర ఔన్సు, 14.2 గ్రాములు. అంతకు మించితే ముప్పావు ఔన్సు, 21.3 గ్రాములు. ఇది నేను మొదలుపెట్టే చోటు మాత్రమే, అక్కడి నుంచి ట్రెయిలర్‌తో దిద్దుకుంటాను.

ట్రెయిలర్ మీద ఇంకొంచెం శ్రద్ధ పెట్టమని మిమ్మల్ని గట్టిగా కోరతాను. చాలామంది దాన్ని అందం కోసం పెడతారు. వెడల్పు తోక కొట్టుకునే ట్రెయిలర్ ఎరను లేపుతుంది. పెద్ద గోళ్ల పీత ఆకారం ఇంకా లేపుతుంది. సన్నగా, చీలిన తోకతో చిన్న చేపలా ఉండే ట్రెయిలర్ నీటిని పెద్దగా అడ్డుకోదు, ఎర లోతుగా నడుస్తుంది. ప్లాస్టిక్ రకం కూడా లెక్కలోకి వస్తుంది. ఉప్పు కలిపిన మెత్తటి ప్లాస్టిక్ మునుగుతుంది. జీ-మ్యాన్ వాళ్ల ఎలాజ్‌టెక్ లాంటి సాగే రకం తేలుతుంది. ఒకే తల, ఒకే బ్లేడు పెట్టి ట్రెయిలర్ ఒక్కటే మార్చి అర మీటరు తేడా తెచ్చుకోవచ్చు. పడవ మీద ముడి విప్పకుండా పది సెకన్లలో చేయగలిగిన మార్పు ఇది ఒక్కటే.

స్కర్టు గురించి ఎక్కువ చెప్పను. దట్టమైన స్కర్టు ఎరను ఆపుతుంది, మునకను కూడా నెమ్మదింపజేస్తుంది. లోతు కావాలంటే మూడో వంతు పోగులు పీకేయండి, అంతే.

బరువు సంగతి. సీసం సాంద్రత నీటికి 11.3 రెట్లు. అంటే నీళ్లలో మునిగిన సీసం తన బరువులో దాదాపు 9 శాతం కోల్పోతుంది. టంగ్‌స్టన్ సాంద్రత 19.3 రెట్లు, తలలకు వాడే మిశ్రమంలో కొంచెం తక్కువ. అది 5, 6 శాతమే కోల్పోతుంది. అంతకంటే ముఖ్యం, అదే బరువుకు తల చిన్నదిగా ఉంటుంది, నీటికి అడ్డు తగ్గుతుంది. ధర ఎక్కువ కాబట్టి లోతు నీళ్ల ఎరలకు మాత్రమే అది న్యాయమని నా అభిప్రాయం. ఉన్న ఎరకే బరువు పెంచాలంటే గాలం కాడకు సన్నటి సీసం తీగ చుట్టవచ్చు. అయితే బరువు తలకు దగ్గరగా, కింది వైపున ఉండాలి. వెనక చుట్టేస్తే ఎర తోక దించుకుని వాలిపోతుంది, వాలిన ఎర నీటికి ఎక్కువ అడ్డు తగిలి పైకే వస్తుంది. కొన్ని ప్రాంతాల్లో చిన్న సీసం బరువుల మీద ఆంక్షలు ఉన్నాయి, మీరు పట్టే చోట నిబంధన ముందు చూసుకోండి.

లైన్ దగ్గర ఒక అపోహ ఉంది. నీటితో పోలిస్తే ఫ్లోరోకార్బన్ లైన్ సాంద్రత 1.78 రెట్లు, నైలాన్ 1.14, అల్లిక లైన్ 0.97. ఫ్లోరోకార్బన్ మునుగుతుంది, నైలాన్ మెల్లగా మునుగుతుంది, అల్లిక తేలుతుంది. ఇది నిజమే. దీన్ని బట్టి అల్లిక కడితే ఎర పైకి వస్తుందని తేల్చేస్తారు. కానీ ఎర లాగుతున్నప్పుడు లైన్ బరువు కంటే దాని మందమే ఎక్కువ పని చేస్తుంది. మందపు లైన్ నీటిని కోయడానికి కష్టపడి వంపు తిరుగుతుంది, ఎరను పైకి ఎత్తుతుంది. సన్నటి అల్లిక తేలే రకమైనా, లావు నైలాన్ కంటే ఎరను లోతుగా నడవనిస్తుంది. కాబట్టి ముందు మందం చూడండి, తర్వాత రకం చూడండి. 20 పౌండ్ల బలం ఉన్న ఫ్లోరోకార్బన్ నుంచి సన్నటి 14 పౌండ్ల దానికి దిగినా కొంత లోతు దొరుకుతుంది. దుంగలు, నాచు ఉన్న చోట ఆ పని చేయకండి, పట్టిన చేప తెంచుకుపోతుంది. అక్కడ లావు లైన్ ఉంచి తల బరువు పెంచడమే నయం.

ఇప్పటిదాకా చెప్పినదంతా అంచనా. అసలు లోతును కొలవడం ఎలా? లెక్కపెట్టాలి. లోతు తెలిసిన చోట ఎర విసిరి, లైన్ వదులుగా వదిలి, ఒకే తాళంలో అంకెలు లెక్కపెట్టండి. మూడు మీటర్ల నీళ్లలో ఎనిమిది అనేసరికి ఎర నేలకు చేరి లైన్ చతికిలబడితే, ఒక్కో అంకెకు దాదాపు 37 సెంటీమీటర్లు. రెండు మీటర్ల పైచిలుకు నుంచి మొదలుపెట్టాలంటే ఆరు దగ్గర చుట్టడం మొదలెట్టాలి. లైన్ బిగువుగా పట్టి దింపితే ఎర మన వైపు వంపు తిరుగుతూ వస్తుంది, అప్పుడు లెక్క మారుతుంది. ఏదో ఒక పద్ధతికి కట్టుబడండి. బ్లేడు మార్చినా, ట్రెయిలర్ మార్చినా లెక్క మళ్లీ చూసుకోవాలి.

అయితే లెక్క చెప్పేది ఎర మొదలయ్యే లోతు మాత్రమే. నడిచే లోతు తెలియాలంటే ఇంకో పని చేయాలి. చదునైన గట్టి నేల ఉన్న చోటు, లోతు తెలిసినది, చూసుకోండి. ఎర నేలను తాకేదాకా దింపి, మీరు మామూలుగా చుట్టే వేగంతో చుట్టండి. ఎక్కడి దాకా నేలను తాకుతూ వచ్చింది, ఎక్కడ వదిలేసింది గమనించండి. రెండు మీటర్ల నీళ్లలో తాకుతూనే వస్తే ఆ వేగంలో ఆ ఎర ఇంకా లోతుకు పోగలదని అర్థం. మన వైపు పది మీటర్లు రాగానే నేలను వదిలేస్తే దాని పరిమితి అక్కడే. ఒక సాయంత్రం ఈ పని మీద పెడితే మీ డబ్బాలో ఉన్న ప్రతి ఎర గురించీ తయారీదారు రాయని సంగతి మీకు తెలుస్తుంది.

నేల వాలు గురించి చెప్పకుండా ఉండలేను. ఎర మన వైపు వస్తూ ఎక్కుతుందన్నాను. మీరు లోతులో నిలబడి ఒడ్డు వైపు విసిరితే నేల దిగుతూ ఉంటుంది, ఎర ఎక్కుతూ ఉంటుంది. రెండింటి మధ్య దూరం ప్రతి మీటరుకూ పెరుగుతుంది. అదే మీరు లోతు తక్కువ వైపు ఉండి లోతులోకి విసిరితే, నేల ఎక్కుతుంది, ఎర కూడా దాదాపు అదే వాలులో ఎక్కుతుంది. ఎక్కువసేపు నేల దగ్గరే ఉంటుంది. పడవ వాళ్లు ఎప్పుడూ ఒడ్డు వైపే విసురుతారు కానీ, నేల దగ్గర నడపాలంటే ఒడ్డు మీద నిలబడ్డ మనిషికే వాటం ఎక్కువ. చేపలన్నీ ఒకే లోతులో ఉన్నాయని తెలిస్తే ఒడ్డుకు సమాంతరంగా విసరడం అన్నిటికంటే మంచిది.

గాలికి కొట్టుకుపోయే పడవ సంగతి ఇంకా ముఖ్యం. ఎరకు తెలిసేది రీల్ వేగం కాదు, నీళ్లలో తన వేగం. మీరు సెకనుకు 75 సెంటీమీటర్లు చుట్టుతున్నారు, పడవ సెకనుకు 25 సెంటీమీటర్లు ఎర వైపే జరుగుతోంది అనుకోండి. నీళ్లలో ఎర వేగం 50 సెంటీమీటర్లే. నిరోధం 44 శాతానికి పడిపోతుంది, ఎర దిగిపోతుంది. అదే పడవ ఎర నుంచి దూరంగా జరుగుతుంటే ఎర వేగం సెకనుకు ఒక మీటరు, నిరోధం 178 శాతం. ఒకే మనిషి, ఒకే రీల్, ఒకే ఎర, కానీ ఒక వైపు విసిరితే నాచులో ఇరుక్కుంటుంది, ఇంకో వైపు విసిరితే పైన తేలుతుంది. పడవకు ఒక వైపు విసిరినప్పుడే చేపలు పడుతున్నాయి అంటే, చాలాసార్లు కారణం ఇదే. గాలిని తిట్టుకోవద్దు, చేతి వేగాన్ని దానికి తగ్గట్టు మార్చండి. పక్కగాలికి లైన్ విల్లులా వంగితే అది కూడా ఎరను లేపుతుంది. విసిరిన వెంటనే రాడ్ కొన నీటికి దించి ఆ వంపును నీళ్ల మీద పడేయండి.

ఇంటికి వెళ్లాక చేయవలసిన ఒక సాధన చెప్తాను. ఒకే లోతు, ఒకటిన్నర మీటర్లు అనుకోండి, రెండు వేగాల్లో నడపండి. మెల్లని వేగానికి 3/8 ఔన్సు తల, పెద్ద కొలరాడో. వేగానికి ముప్పావు ఔన్సు తల, చిన్న విల్లోలు రెండు. తర్వాత ఒకే వేగం పెట్టుకుని రెండు లోతుల్లో నడపండి. ఈ నాలుగూ చేయి కదిలినంత సులువుగా వచ్చాక నీళ్లు ఎలా ఉన్నా మీకు దారి దొరుకుతుంది.

ఇంకొకటి. ప్రతి చేప తర్వాత, ప్రతి దుంగ తగిలాక, ఎరను పడవ పక్కన రెండు మీటర్లు వేగంగా లాగి చూడండి. తలా పై తీగా ఒకే నిలువు గీతలో ఉండాలి. పక్కకు ఒరుగుతుంటే తీగ వంగిందన్నమాట. ఒరిగిన వైపుకు వ్యతిరేకంగా పై తీగను కొంచెం వంచితే సరిపోతుంది. తీగ సరిగా లేని ఎరతో ఇప్పటిదాకా చెప్పిన లెక్కల్లో ఒక్కటీ నిలవదు.

ప్రశ్నలు ఉంటే అడగండి.

ట్రెయిలర్ హుక్, అంటే వెనక తగిలించే అదనపు గాలం, పెడితే లోతు మారుతుందా అని వెనక నుంచి అడుగుతున్నారు. చాలా తక్కువ. అది ఒకటి రెండు గ్రాముల బరువు, నీటికి అడ్డు కూడా తక్కువ. తేలిక ఎరకు మాత్రం తోక కాస్త దిగుతుంది, పడవ పక్కన లాగి చూస్తే తెలిసిపోతుంది.

రాత్రి పూట ఏ లోతు అని ఇక్కడ అడిగారు. లోతు చేపను బట్టే, దానికి రాత్రి పగలు అని ప్రత్యేక సూత్రం లేదు. కానీ రాత్రి మీకు లైన్ కనిపించదు, అంకెల మీదే ఆధారపడాలి. అందుకే రాత్రికి ఒకే కొలరాడో ఉన్న బరువు ఎరను ఎంచుకుంటాను. దాని దడ చేతికి స్పష్టంగా తెలుస్తుంది, దడ మారిన క్షణం లోతో వేగమో మారిందని, లేదంటే నాచు తగిలిందని అర్థం.

ఒక్క ఎరే కొనాలంటే ఏది? అర ఔన్సు స్పిన్నర్‌బైట్, ముందు చిన్న కొలరాడో, వెనక 4వ నంబరు విల్లో. దానితో పాటు విడిగా ఒక పెద్ద కొలరాడో, ఒక చిన్న విల్లో, ఒక వెడల్పు తోక ట్రెయిలర్, ఒక సన్న తోక ట్రెయిలర్, ఆ చిన్న రింగు తెరవడానికి ఒక ప్లయర్ తీసుకోండి. అర ఔన్సు నుంచి పైకీ పోవచ్చు, కిందికీ పోవచ్చు. పావు ఔన్సుతో మొదలుపెడితే లోతుకు పోయే దారి మూసుకుపోతుంది, ఔన్సుతో మొదలుపెడితే పైన మెల్లగా నడిపే దారి మూసుకుపోతుంది.